ఇద్దరూ కలిసి మోయవలసిన పడవ

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శని, ఆదివారాల్లో జరిగిన జోడీ కనూ మారథాన్ (ఇద్దరు కలిసి తెడ్డు వేస్తూ సాగే సుదూర పడవ పందెం) పోటీలలో మన పాఠశాల జంటలన్నీ క్షేమంగా ముగింపు గీత దాటాయి. ఎవరికి ఏ స్థానం వచ్చిందో నోటీసు బోర్డులో పెట్టాము కాబట్టి ఆ వివరాలు ఇక్కడ రాయడం లేదు. ఒడ్డున నిలబడి చూసిన మీలో కొందరు అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం అందరికీ తెలిసేలా జవాబు చెప్పాలనుకుంటున్నాను. పిల్లలను ఒక్కొక్కరిగా పోటీకి దింపితే ఎవరి సత్తా ఏమిటో తెలిసేది కదా, జోడీలుగానే ఎందుకు పంపుతున్నారు అని మీరు అడిగారు.

దీనికి జవాబు పోర్టేజ్ దగ్గర దొరుకుతుంది. లాకులు, ఆనకట్టలు అడ్డు వచ్చినచోట పోటీదారులు ఒడ్డుకు దిగి, పడవను మోసుకుంటూ పరుగెత్తి, అడ్డంకి దాటాక మళ్ళీ నీటిలోకి దించి సాగిపోవాలి. ఇద్దరు కూర్చునే కయాక్ అనే ఈ పడవ పొడవు ఆరున్నర మీటర్ల వరకూ ఉంటుంది, వెడల్పు మాత్రం చాలా తక్కువ. ముందు కూర్చున్నవారు చుక్కాని తిప్పుతూ తెడ్డు వేగాన్ని నిర్ణయిస్తే, వెనుక ఉన్నవారు ఆ లయ తప్పకుండా బలం అందిస్తారు. ఒడ్డు చేరాక ఒకరు తొందరపడి లేచినా రెండోవారు నీళ్ళలో పడతారు. పడవను చెరో కొస పట్టి పరుగెత్తేటప్పుడు వెనుకవారికి ముందున్న నేల సరిగా కనబడదు కాబట్టి మెట్టు, బురద, వేరు ఏది వచ్చినా ముందువారే కేకవేసి చెప్పాలి. ఒంటరిగా ఎంత వేగంగా పరుగెత్తగలిగినా ఇక్కడ లాభం లేదు, ఎందుకంటే పడవ ఇద్దరిలో నెమ్మదిగా ఉన్నవారి వేగంతోనే కదులుతుంది.

అక్కడ పోయే కొద్ది సెకన్ల విలువ ఒడ్డు నుంచి చూసేవారికి అంత సులభంగా తెలియదు. ముందు వెళ్ళే పడవ లేపిన అలను ఆసరా చేసుకుని సాగితే వెనుక పడవకు శ్రమ బాగా తగ్గుతుంది కాబట్టి జంటలు గుంపులుగా ప్రయాణిస్తాయి. గుంపంతా ఒకేసారి రేవుకు చేరినప్పుడు, తిరిగి నీటిలో దిగడంలో వెనుకబడిన జంట ఆ అలను పోగొట్టుకుని, తరువాతి పోర్టేజ్ దాకా మొత్తం నీటిని తామే చీల్చుకుంటూ వెళ్ళవలసి వస్తుంది. శనివారం సుదీర్ఘ పోటీలో మన చిన్న తరగతుల జంట ఒకటి నీటి మీద అందరికన్నా బలమైనది కాకపోయినా చివరివరకూ తన గుంపును వదలలేదు. మైదానంలో గడ్డి మీద ఖాళీ పడవతో ఎక్కడం, దిగడం, ఎత్తడం విసుగు లేకుండా సాధన చేసిన పిల్లలు వారు. ఆ ఓపికను చూసి నేను ఎంతగానో గర్వించాను.

ఇంగ్లండ్‌లో 1948లో మొదలైన డివైజెస్–వెస్ట్‌మినిస్టర్ పడవ పోటీ సుమారు 200 కిలోమీటర్ల దూరం కాలువలోనూ థేమ్స్ నదిలోనూ సాగుతుంది, దారిలో 77 పోర్టేజ్‌లు ఉంటాయి. పెద్దలు రాత్రింబవళ్ళు ఆగకుండా వెళ్ళే ఆ దూరాన్ని పాఠశాల వయసు పిల్లలు నాలుగు రోజుల్లో, జోడీలుగా, పూర్తిచేస్తారు. వారు తీసుకున్న సమయాన్ని జంటకే తప్ప ఒక్కొక్కరికి విడిగా లెక్కకట్టరు. మేము పాటిస్తున్న పద్ధతి కూడా అదే.

అందుకే మీకు ఒక విన్నపం. ఆదివారం పోటీలో ఒక జంట తిరిగి నీటిలో దిగేచోట బోల్తాపడింది. ఇద్దరూ పడవను ఒడ్డుకు లాగి, నీళ్ళు ఒంపి, మళ్ళీ ఎక్కి పోటీ పూర్తిచేశారు. ఇంటికి వెళ్ళాక వారిని ఎవరి పొరపాటు వల్ల పడ్డారని దయచేసి అడగవద్దు. ఆ ప్రశ్నకు ఒక పిల్లవాడు జవాబు చెప్పిన క్షణం నుంచి మరుసటి సాధనలో వారిద్దరి మధ్య నమ్మకం సన్నగిల్లుతుంది, అది తిరిగి కుదరడానికి చాలా కాలం పడుతుంది. లోపాల గురించి శిక్షకులు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. అలాగే పోర్టేజ్ దగ్గర మీరు ఉత్సాహపరచడం పిల్లలకు ఎంతో బలం, కానీ సూచనలు మాత్రం ఇవ్వకండి, ఎందుకంటే ఆ సమయంలో వారు వినవలసింది జోడీలోని రెండోవారి గొంతునే.

తదుపరి సాధనకు తడి నేలపై జారని, కాలికి బిగుతుగా ఉండే బూట్లు, మార్చుకోవడానికి పొడి బట్టలు పంపండి. అరచేతుల్లో బొబ్బలు ఉంటే ముందుగానే తెలియజేయండి, వాటిని దాచి తెడ్డు పట్టడం వల్ల గాయం ముదురుతుంది. కొత్తగా చేరేవారు లైఫ్ జాకెట్ వేసుకుని తెడ్డు వేయడానికి ముందు, బట్టలతోనే ఈదే పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఆ పరీక్ష పూర్తికాని విద్యార్థిని, జోడీ కుదిరి ఉన్నా సరే, నీటి మీదికి పంపము.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు