ఒక్క కుక్కరు ఉలవలతో రెండు వంటలు

అందరికీ నమస్కారం. నెలాఖరులో కూరగాయలు కొనడం భారంగా ఉందని నిన్న ఇద్దరు ముగ్గురు రాశారు కదా, అందుకే ఈ సందేశం. ఒక్కసారి ఉలవలు వండి చూడండి.

పావుకిలో ఉలవల్లో రాళ్లు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున లీటరున్నర నీళ్లు పోసి కుక్కరులో 8-10 విజిళ్లు రానివ్వండి. గింజ వేళ్ల మధ్య మెత్తగా నలగాలి. ఉలవచారు కోసం ఆ కట్టు (గింజలు ఉడికిన నీళ్లు) వంపుకుని చింతపండు పులుసు, ఉప్పు, కారం, చిన్న బెల్లం ముక్క వేసి సన్నని మంట మీద మరిగించండి. ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు, గరిటెకు అంటుకునేంత చిక్కబడాలి. గుప్పెడు ఉడికిన గింజలు రుబ్బి కలిపితే ఇంకా మంచిది. పైన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు. హోటళ్లలోలా మీగడ లేకపోయినా లోటేమీ ఉండదు.

మిగిలిన గింజలు దయచేసి పారేయకండి. మాంసకృత్తులు, పీచు చాలావరకు వాటిలోనే ఉంటాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేసి కాస్త కొబ్బరి కోరు చల్లితే సాయంత్రానికి గుగ్గిళ్లు. మా చిన్నవాడు బడి నుంచి రాగానే గిన్నె పట్టుకుని వంటింట్లోకి వస్తాడు.

ఉలవలు వేడి చేస్తాయని పెద్దలంటారు, భోజనంలో మజ్జిగ ఉంచుకోండి. పులుపు కుదరకపోతే ఇక్కడే అడగండి, చెబుతాను.