మౌంట్ వెర్నన్ చూసివచ్చిన చిట్టితల్లికి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే గుడి దాకా నడిచి వస్తోంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఆదివారం నువ్వు ఫోన్ చేసి మౌంట్ వెర్నన్ చూసివచ్చానని చెప్పినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. ముప్ఫై ఏళ్లు పల్లెటూరి బడిలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం చెప్పినవాణ్ణి. పొటోమాక్ నది ఒడ్డున ఉన్న, అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇంటిని నా కూతురు కళ్లారా చూసింది, అంతకంటే ఏం కావాలి? కానీ చివర్లో నువ్వు అడిగిన మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. "నాన్నా, అద్దాల పెట్టెలో ఆయన కట్టుడు పళ్లు చూశాను. వాటిలో మనుషుల పళ్లు ఉన్నాయి. అంతమందిని బానిసలుగా పెట్టుకున్న మనిషిని మాకు అంత గొప్పగా ఎందుకు చెప్పావు?" అన్నావు. ఫోనులో రెండు మాటలతో తేలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు పళ్ల సంగతే చెబుతాను. 1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి వాషింగ్టన్ నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయనవి చెక్క పళ్లని చాలామంది చెప్పుకుంటారు. అది నిజం కాదు. దంతం, సీసం, జంతువుల పళ్లు, మనుషుల పళ్లు కలిపి, స్ప్రింగులు బిగించి చేసినవి. 1784లో నల్లవారికి తొమ్మిది పళ్లకు డబ్బు చెల్లించినట్టు ఆయన లెక్కల పుస్తకంలోనే ఉంది. నువ్వు చూసి నివ్వెరపోవడంలో తప్పు లేదమ్మా. నాకూ అలాగే అనిపించింది.

అయినా ఆయన్ని నేను గొప్పగా చెప్పడానికి కారణం ఉంది. 1732లో వర్జీనియాలో పుట్టాడు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. పెద్ద చదువులు లేవు. పదిహేడేళ్లకు భూములు కొలిచే సర్వేయరు ఉద్యోగం. ఇరవై రెండేళ్లకు సైన్యాన్ని నడిపి, 1754లో ఫోర్ట్ నెసెసిటీ దగ్గర ఫ్రెంచివాళ్లకు లొంగిపోయాడు. మరుసటి ఏడు బ్రిటిష్ సేనాని బ్రాడక్ సేనతో వెళ్లినప్పుడు ఆయన కింద రెండు గుర్రాలు కూలాయి, కోటులోంచి నాలుగు తూటాలు దూసుకుపోయాయి, ఒంటికి మాత్రం గీత పడలేదు. 1759లో మార్తా అనే వితంతువును పెళ్లాడి, ఇద్దరు పిల్లల బాధ్యత తీసుకున్నాడు. 1775 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ ఆయన్ని స్వాతంత్ర్య యుద్ధానికి సైన్యాధిపతిగా ఎన్నుకుంటే జీతం వద్దని, ఖర్చులు ఇస్తే చాలన్నాడు.

యుద్ధాల్లో ఆయన ఎప్పుడూ గెలిచాడని అనుకోకు. న్యూయార్క్‌లో ఓడాడు, బ్రాండీవైన్‌లో ఓడాడు, జర్మన్‌టౌన్‌లో ఓడాడు. ఆయన గొప్పతనం సైన్యం చెదిరిపోకుండా నిలబెట్టడంలో ఉంది. 1776 క్రిస్మస్ రాత్రి మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నదిని 2,400 మందితో దాటాడు. మిగతా రెండు దళాలు నది దాటలేక ఆగిపోయాయి. ఆయన ఆగలేదు. తెల్లవారాక ట్రెంటన్‌లో తొమ్మిది వందల మంది శత్రుసైనికులు పట్టుబడ్డారు. ఆ మరుసటి చలికాలం వాలీ ఫోర్జ్ శిబిరంలో సుమారు రెండు వేలమంది జబ్బులతో చనిపోయారు. బారసాల నాటి నుంచి నీకు వేయించిన టీకాలన్నీ మీ అమ్మ పుస్తకంలో రాసి పెట్టుకుంది కదా. ఆ రోజుల్లో మశూచికి అలాంటి టీకా ఇంకా రాలేదు. ఉన్నదల్లా రోగి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుడి చర్మంలోకి ఎక్కించే పద్ధతి. దానికే జనం భయపడేవారు. అయినా 1777లో ఆయన తన సైన్యమంతటికీ అది చేయించాడు. యుద్ధం గెలవడానికి ఆ నిర్ణయం తుపాకుల కంటే తక్కువ పనికి రాలేదని నా నమ్మకం.

1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో కారన్‌వాలిస్ నడిపిన బ్రిటిష్ సేన లొంగిపోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పి కారన్‌వాలిస్ రాలేదు, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. ఈ కారన్‌వాలిస్ మనకు కొత్తవాడు కాదు. 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లోనూ అమలు చేశారు. మా తాతయ్య జమీందారు కచేరీకి శిస్తు మోసుకెళ్లి గంటల తరబడి ఎండలో నిలబడిన కథలు నీకు చెప్పాను గుర్తుందా? ఆ కచేరీ దాకా దారి యార్క్‌టౌన్‌లో ఓడిన ఆ మనిషి వేసిందే.

ఇక నేను క్లాసులో గొంతు పెంచి చెప్పే ఘట్టం. యుద్ధం దాదాపు ముగిసింది. అధికారులకు నెలల తరబడి జీతాలు లేవు. అంతకు ముందు ఏడాదే నికోలా అనే కర్నల్, మీరే రాజు కావాలని ఉత్తరం రాస్తే వాషింగ్టన్ కోపంగా తిప్పికొట్టాడు. 1783 మార్చిలో న్యూబర్గ్ శిబిరంలో పేరు లేని ఉత్తరాలు చేతులు మారాయి. కాంగ్రెస్ మాట వినకపోతే సైన్యం బలం చూపించాలన్నది వాటి సారాంశం. మార్చి 15న జరిగిన అధికారుల సభకు వాషింగ్టన్ వెళ్లాడు. సుదీర్ఘంగా మాట్లాడాడు. అధికారుల ముఖాలు కరగలేదు. అప్పుడు కాంగ్రెస్ సభ్యుడొకరు రాసిన ఉత్తరం చదివి వినిపిస్తానని జేబులోంచి తీశాడు. ఒకటి రెండు వాక్యాలు తడబడ్డాడు. ఆగి, ఇంకో జేబులోంచి కళ్లద్దాలు తీశాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుంటాడని అక్కడ చాలామందికి తెలియదు. వాటిని పెట్టుకుంటూ, క్షమించండి, దేశసేవలో నా జుట్టు నెరవడమే కాదు, చూపు కూడా పోతోంది అన్నాడు. యుద్ధాల్లో కన్నీరు రానివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. తిరుగుబాటు మాట అక్కడితో ముగిసింది.

ఆ సంవత్సరమే డిసెంబర్ 23న అనాపొలిస్‌లో కాంగ్రెస్ ముందు నిలబడి సైన్యాధిపత్యాన్ని తిరిగి ఇచ్చేశాడు. కాగితం చదువుతుంటే చేతులు వణికాయట. చేతిలో సైన్యం ఉండి, రాజు కమ్మన్న మాట వచ్చినా, అన్నీ ఇచ్చేసి ఇంటికి వెళ్లడం చరిత్రలో తరచుగా కనిపించదు. రాజ్యాంగం రాసిన 1787 సభకు అధ్యక్షత వహించి, 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో ప్రమాణం చేశాడు. రెండుసార్లూ అధ్యక్షుణ్ణి ఎన్నుకునే సభ్యులందరి ఓట్లూ ఆయనకే పడ్డాయి. మూడోసారి కోరితే దొరికేది. 1797 మార్చిలో తర్వాతి అధ్యక్షుడు ఆడమ్స్‌కు పదవి అప్పగించి మళ్లీ ఆ నది ఒడ్డుకే వెళ్లాడు.

ఇదంతా విని నువ్వు, నాన్నా నేను అడిగింది ఇది కాదంటావు. అవును తల్లీ. ఇప్పుడు ఓనా జడ్జి గురించి చెబుతాను.

మార్తా దగ్గర పనిచేసే బానిస అమ్మాయి ఆమె. కుట్టుపనిలో నేర్పరి. అప్పట్లో దేశ రాజధాని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా. వాషింగ్టన్ దంపతులతో ఆమె కూడా అక్కడ ఉండేది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఆరు నెలలు అక్కడ ఉంటే బానిస స్వేచ్ఛ కోరవచ్చు. అందుకని ఆ గడువు దాటకముందే బానిసలను రాష్ట్రం బయటకు పంపి మళ్లీ రప్పించేవారు. ఆ పని గుట్టుగా జరగాలని తన కార్యదర్శికి రాసిన మనిషి, కళ్లద్దాలు పెట్టుకుని అధికారులను కరిగించిన మనిషి, ఒక్కరే. 1796 మే నెలలో ఇంటివాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు ఓనా గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఓడెక్కి న్యూ హాంప్‌షైర్ చేరింది. తనను మార్తా మనవరాలికి ఇచ్చేయబోతున్నారని ఆమెకు తెలిసింది. వెనక్కి రప్పించడానికి వాషింగ్టన్ మనుషులను పంపాడు, 1799లో కూడా. ఆమె రాలేదు. 1848లో చనిపోయేదాకా ఆమెకు చట్టం స్వేచ్ఛ ఇవ్వలేదు, తానే తీసుకుంది.

సింహాసనాన్ని వదిలేసినవాడు ఒక పనిపిల్లను వదల్లేకపోయాడు. ఎన్ని రాత్రులు ఆలోచించినా ఇది నాకు మింగుడుపడదు.

1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. వారిలో 123 మంది ఆయన సొంతం, మిగిలినవారిలో ఎక్కువమంది మార్తా మొదటి భర్త ఆస్తి. ఆ ఏడాది జూలైలో రాసిన వీలునామాలో తన సొంత బానిసలందరికీ మార్తా మరణం తర్వాత స్వేచ్ఛ ఇవ్వాలన్నాడు. ముసలివాళ్లకు తిండీ బట్టా చూడాలని, తల్లిదండ్రుల ఆధారం లేని పిల్లలకు చదువూ పనీ నేర్పాలని రాశాడు. యుద్ధమంతా పక్కనే గుర్రం మీద తిరిగిన విలియం లీకి మాత్రం వెంటనే స్వేచ్ఛ, ఏడాదికి 30 డాలర్ల భృతి. డిసెంబర్ 14న వాషింగ్టన్ గొంతు జబ్బుతో పోయాడు. వైద్యులు రక్తం తీసి తీసి ఆయన్ని ఇంకా బలహీనం చేశారు. మార్తా ఎదురుచూడకుండా 1801 జనవరి 1న ఆ 123 మందిలో మిగిలిన అందరికీ స్వేచ్ఛ ఇచ్చింది. మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తిగా ఉన్నవారు ఆయన వారసుల పంపకంలో పోయారు. పెళ్లాడిన జంటల్లో ఒకరు ఇటు, ఒకరు అటు అయ్యారు.

నేను బడిలో మొదటి సగం ఒక గంట చెప్పి, రెండో సగాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను. అది నా తప్పే. ఇప్పుడు ఆ తరగతి మళ్లీ దొరికితే కళ్లద్దాల కథ అయిన వెంటనే, గుక్క తిప్పుకోకుండా ఓనా కథ చెబుతాను. రెండూ ఆ ఇంటివే, ఆ మనిషివే.

చలి తగ్గాక మళ్లీ వెళ్తానన్నావు కదా. ఆయన సమాధి దగ్గరే ఆగిపోకు. అక్కడికి దగ్గర్లోనే చెట్ల మధ్య బానిసల శ్మశానం ఉంది. సమాధుల మీద పేర్లు లేవు. 1929లో పెట్టిన ఒక రాతిపలక, 1983లో కట్టిన స్మారకం కనిపిస్తాయి. అక్కడ కాసేపు నిలబడి, ఒక ఫోటో తీసి పంపు. కర్చీఫు మరిచిపోకు, చల్లగాలికి నీకు జలుబు పట్టుకుంటుంది.

ఇట్లు,
నాన్న