మంగళవారం ఒక్కపొద్దు

గుంటూరు

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, అమ్మాయి, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పినప్పటి నుంచీ ఇదే ఆలోచన. స్కానింగులో లివరుకి కొవ్వు పట్టిందన్నారు, గ్రేడ్ వన్, అంటే మొదటి దశ, అని రాశారు. బరువు 84 కిలోలు, నడుము 40 అంగుళాలు. అందుకని అయిదు రోజులు ఉత్త మంచినీళ్లతో ఉంటానన్నావు, ఏదో వీడియోలో చూశానన్నావు. ఇంతలో పాప ఏడ్చింది, మాట అక్కడే ఆగిపోయింది. ఇవన్నీ ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఉపవాసం వద్దని నేననను. ఒళ్లు తగ్గించుకోవాలని నీ అంతట నువ్వే అనుకున్నందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. మీ నాన్నగారికి షుగర్ ఎంత వయసులో బయటపడిందో నీకు తెలుసు, నువ్వు ఆ వయసుకి ఇంకెంతో దూరంలో లేవు. 2023లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, వాళ్ల పెద్ద సర్వే వచ్చింది, దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, పెద్దవాళ్లలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువని తేలింది. మనవాళ్ల ఒంటి తీరు అలాంటిది. చేతులూ కాళ్లూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా నడుము దగ్గర చేరుతుంది. మన మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నీది 100 దాటింది. కాబట్టి తగ్గాలి. నేను చెప్పేదల్లా అయిదు రోజులు వరసగా పస్తు వద్దని. వారానికి ఒక్క రోజు, మంగళవారం, అదీ ఒక్కపొద్దు చాలు. నెలల తరబడి నువ్వు నిలబెట్టుకోగలిగింది అదే.

నువ్వు చెప్పిన ఆ స్కాట్లాండు కుర్రాడి సంగతి నాకూ తెలుసు. ఆంగస్ బార్బియేరి అని, 1965, 66 సంవత్సరాల్లో 382 రోజులు అన్నం ముట్టలేదు. 207 కిలోల మనిషి 82 కిలోలకి వచ్చాడు. నిజమే. కానీ అతన్ని డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్నారు. విటమిన్లు ఇచ్చారు, పొటాషియం ఇచ్చారు, రక్తపరీక్షలు చేస్తూ వచ్చారు. ఆ రోజుల్లో అలా నిరాహారంగా ఉంచి వైద్యం చేసిన రోగుల్లో కొందరు చనిపోయారు కూడా. అందుకే డాక్టర్లు ఆ పద్ధతి వదిలేశారు. కూకట్‌పల్లిలో నీ ఫ్లాట్‌లో నీకు పొటాషియం ఎవరు చూస్తారు నాన్నా? రోజుల తరబడి తినకపోతే ఒంట్లో ఉప్పులు పడిపోతాయి, గుండె కొట్టుకోవడం లయ తప్పచ్చు. తరవాత ఒక్కసారిగా తిన్నా ప్రమాదమే. మెడికల్ వార్డులో డ్యూటీ చేసినదాన్ని, ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదిది.

ఇక అసలు లెక్కకి వస్తాను. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కాలరీలు ఖర్చు కావాలి. నీ ఎత్తుకీ, నువ్వు చేసే కూర్చునే ఉద్యోగానికీ రోజుకి సుమారు 2,200 ఖర్చవుతాయనుకో. ఒక్కపొద్దు రోజున 600 తింటే 1,600 తక్కువ పడ్డాయి, అవి ఒంట్లో నిలవ నుంచే రావాలి. అంటే ఆ రోజు కరిగే కొవ్వు మహా అయితే 200 గ్రాములు. అంతే! కానీ మర్నాడు పొద్దున్న తూకం చూస్తే కిలో, కిలోన్నర తగ్గినట్టు కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం నీళ్లు. లివరులో 100 గ్రాముల దాకా గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది, కండల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒక్కో గ్రాముకీ మూడు గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. తినని రోజున ముందు ఖర్చయ్యేది ఈ నిలవే, దాంతో పాటు నీళ్లూ పోతాయి. మళ్లీ అన్నం తినగానే రెండూ తిరిగొస్తాయి. ఇది తెలియకే చాలామంది మొదటి వారం పొంగిపోతారు, రెండో వారం దిగులుపడి మానేస్తారు. నువ్వు రోజూ తూకం ఎక్కకు. వారానికోసారి, మంగళవారానికి ముందు రోజు పొద్దున్నే చూసుకో.

నెలకి నాలుగైదు ఒక్కపొద్దులు. మిగతా రోజుల్లో మామూలుగా, ఎక్కువ తినకుండా ఉంటే నెలకి ముప్పావు కిలో, కిలో కొవ్వు పోతుంది. లివరు కొవ్వుకి బరువులో అయిదు శాతం తగ్గినా గుణం కనిపిస్తుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే ఇంకా మంచిది. నీకు ఆరు కిలోలు తగ్గితే ఏడు శాతం. ఏడెనిమిది నెలల పని. అన్ని నెలలా అని విసుక్కోకు. ఆ పొట్ట కూడా ఏడెనిమిది ఏళ్లుగా వచ్చింది కదా.

ఉపవాసంలో ఏదో మహత్తు ఉందని, మామూలుగా తక్కువ తింటే రాని ఫలితం దీంతో వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకు. షికాగోలో 100 మంది మీద ఏడాది పాటు చూసిన పరిశోధన 2017లో వచ్చింది. రోజు విడిచి రోజు ఉపవాసం ఉన్నవాళ్లు ఆరు శాతం తగ్గారు, రోజూ కొంచెం తక్కువ తిన్నవాళ్లు అయిదు శాతం పైచిలుకు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ఉపవాసం వాళ్లలోనే ఎక్కువమంది మధ్యలో మానేశారు, 34 మందిలో 13 మంది. రోజు విడిచి రోజంటే మనిషికి కష్టం మరి. నీకు వారానికి ఒక్కరోజే అనడానికి అదొక కారణం. రోజూ లెక్కపెట్టుకుని తినడం నీ వల్ల కాకపోవడం ఇంకో కారణం. ఆఫీసు క్యాంటీను, రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో మీటింగు, మధ్యలో మిక్చరు పొట్లం. ఆ జీవితంలో ప్రతి పూటా ఆలోచించి తినే ఓపిక ఎవరికి ఉంటుంది? ఒక రోజుకి మాత్రం గట్టిగా నిశ్చయించుకోవచ్చు. అదీగాక మన ఇంట్లో ఒక్కపొద్దు కొత్త సంగతా? మీ నాయనమ్మ బతికున్నన్నాళ్లూ శనివారం మధ్యాహ్నం ఒక్క పూట భోంచేసి, రాత్రి గ్లాసుడు మజ్జిగతో పడుకునేది.

అయితే ఒకటి చెప్పాలి. దేవుడి కోసం ఉండే ఉపవాసం వేరు, దాని నియమాలు వేరు, దాని జోలికి నేను పోను. ఒళ్లు తగ్గడానికి ఉండే ఉపవాసంలో మాత్రం ఫలహారం పేరుతో అన్నం మానేసి ఉప్మా, నాలుగు మినపట్లు, చట్నీ తింటే అన్నం తిన్నదానికంటే ఎక్కువే లోపలికి పోతుంది. ఏకాదశికి చేసే సగ్గుబియ్యం ఉప్మా కూడా అంతే. సగ్గుబియ్యం మొత్తం పిండే, 100 గ్రాముల్లో 350 కాలరీలు, పైన వేరుశనగ గుళ్లు, నెయ్యి. కార్తీక సోమవారం పగలంతా ఉండి, చుక్కలు చూశాక కడుపు నిండా తిని వెంటనే పడుకోవడం భక్తికి సరే, నీ పొట్టకి సరిపడదు. నీకు ఛాతీలో మంట కూడా ఉంది. అందుకని మధ్యాహ్నం భోజనమే ఉంచుకో.

నేను అనుకున్న పద్ధతి ఇది. సోమవారం రాత్రి ఎనిమిదింటికల్లా మామూలు భోజనం. మంగళవారం పొద్దున లేచి మంచినీళ్లు, పంచదార లేని కాఫీ. కాఫీ పూర్తిగా మానకు, మానితే తలనొప్పి వస్తుంది, అది ఆకలి వల్ల అనుకుంటావు. పదకొండింటికి బాగా పలచన చేసిన మజ్జిగలో ఉప్పు, కరివేపాకు, అల్లం వేసుకుని పెద్ద గ్లాసుడు తాగు. ఆ రోజు కళ్లు తిరగడం, నీరసం చాలావరకు ఉప్పు, నీళ్లు తగ్గడం వల్లే వస్తాయి. ఒంటిగంటకి ఒక కప్పు అన్నమో ఒక జొన్నరొట్టో, గట్టి పప్పు ఒక కప్పు, ఉడకబెట్టిన గుడ్లు రెండు, తోటకూరో బీరకాయో సొరకాయో నూనె తక్కువగా వండిన కూర నీ ఇష్టమైనంత. ఇంకేమీ వద్దు. సాయంత్రం ఆకలేస్తే ఒక జామకాయ, రాత్రి మళ్లీ మజ్జిగ. ప్యాకెట్ జ్యూసులు, కూల్‌డ్రింకులు, గ్లూకోజు నీళ్లు ఏవీ ముట్టకు. అవి తాగగానే రక్తంలో చక్కెరని అదుపుచేసే ఇన్సులిన్ లేస్తుంది. ఇన్సులిన్ లేచి ఉన్నంతసేపూ కొవ్వు కరగడం మందగిస్తుంది.

ఆకలి గురించి భయపడకు. అది గడియారం చూసుకుని వస్తుంది. రోజూ తొమ్మిదింటికి టిఫిన్ తినే అలవాటుంటే తొమ్మిదింటికే గట్టిగా వేస్తుంది, కాసేపటికి తినకపోయినా దానంతట అదే తగ్గుతుంది. పనిలో ఉంటే ఇంకా తేలిక. ఆదివారం వద్దని, ఆఫీసు రోజే పెట్టమని నేననేది అందుకే. ఆదివారం ఇంట్లో బిర్యానీ వాసన మధ్య కూర్చుని ఎవరుండగలరు!

మర్నాడు పొద్దున మాత్రం జాగ్రత్త. నిన్న తినలేదు కదా అని హోటల్లో పూరీ, మసాలా దోసె, పైన వడ అంటే కరిగినదాంట్లో చాలా భాగం అక్కడికక్కడే చెల్లిపోతుంది. రెండు ఇడ్లీ, సాంబారు, ఒక గుడ్డు, అంతే. ఇంకో సంగతి, పెళ్లో పండగో వచ్చి ఒక మంగళవారం తప్పితే తప్పనీ. మరుసటి వారం రెండు రోజులు ఉండి సరిచేద్దామనుకోకు.

ఇది బాగా గుర్తుపెట్టుకో. తినని రోజున కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో, రోజుకి ఎనిమిది గంటల్లోపే తినమని 12 వారాలు చూస్తే కిలో కూడా తగ్గలేదు, ఆ తగ్గినదాంట్లో ఎక్కువ భాగం కండే. కండ పోతే నీకు మిగిలేదేమిటి? మన కంచంలో అన్నం గుట్టగా ఉంటుంది, పప్పు రెండు గరిటెలు. మిగతా ఆరు రోజులూ దాన్ని తిరగెయ్యి. ముందు పప్పు, గుడ్డు, చేప, కోడి, పెరుగు, తరవాత అన్నం. నీ బరువుకి రోజుకి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. గుడ్డులో ఆరు గ్రాములు, కప్పు పప్పులో ఎనిమిది గ్రాముల దాకా. అంటే ఎంత తక్కువ తింటున్నావో నీకే తెలుస్తుంది. వారానికి మూడు రోజులు గుంజీళ్లు, దండీలు తియ్యి, లేకపోతే ఆ జిమ్ములో బరువులెత్తు. మంగళవారం నడక చాలు.

ఆ రోజు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్మితే ఉపవాసం అక్కడితో సరి. వెంటనే ఏదైనా తిను. అలా ఉన్నప్పుడు బండి తియ్యకు, క్యాబ్‌లో ఇంటికి వెళ్లు.

అమ్మాయి సంగతి. నీకు తోడుగా తానూ ఉంటానంటుందేమో, ఒప్పుకోవద్దు. పాలిచ్చే తల్లి, మామూలు కంటే రోజుకి అయిదారు వందల కాలరీలు ఎక్కువే కావాలి. ఆ రోజు నువ్వు తినవు కదా అని వంట మానేసి ఏ బిస్కట్లో తిని ఊరుకుంటుంది, అదీ కానివ్వకు. నువ్వే వండిపెట్టు. మీ నాన్నగారి చేత కూడా నేను ఉపవాసాలు మానిపించాను. ఆయన వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్, తిండి లేకపోయినా షుగర్‌ని కిందికి లాగేస్తుంది. మాత్ర వేసుకుని అన్నం మానేసి, స్పృహ లేకుండా వార్డుకి వచ్చినవాళ్లని చూశాను. ఆఫీసులో ఎవరైనా షుగర్ ఉన్నవాళ్లు నిన్ను చూసి మొదలుపెడతామంటే, డాక్టరుని అడగకుండా వద్దని గట్టిగా చెప్పు.

నువ్వు కూడా మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), యూరిక్ యాసిడ్ పరీక్షలు చేయించుకో. ఉపవాసంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, అది ఎక్కువైతే కీళ్లు వాస్తాయి, పోయినేడు నీ కాలి బొటనవేలు వాచిన సంగతి నేను మరిచిపోలేదు. రిపోర్టులు డాక్టరుగారికి చూపించి, ఆయన సరేనన్నాకే మొదటి మంగళవారం. రిపోర్టుల ఫోటోలు నాకూ పంపు. నడుము బొడ్డు దగ్గర టేపుతో కొలిచి ఇవాళ్టి తేదీ వేసి రాసిపెట్టు, తూకం కంటే అదే నిజం చెబుతుంది.

నాన్నగారు నెలాఖరున హైదరాబాదు వస్తున్నారు. జొన్నపిండి, కందిపొడి పంపిస్తున్నాను. కందిపొడిలోకి నెయ్యి ఒక్క చెంచా మాత్రమే. పాపకి నా ముద్దులు.

ఇట్లు,
మీ అమ్మ