పాలగిన్నె పెడితే సరిపోదు

సంపాదకులకు,

అయ్యా, పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో వీధి పిల్లులను చేరదీయమంటూ వచ్చిన వ్యాసం చదివిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నాను. గిన్నెడు పాలు, కాస్త మనసు ఉంటే చాలునని మీ వ్యాసకర్త సెలవిచ్చారు. మా ఇంట్లో ఆ రెంటికీ కొదవ లేదు. అయినా పోయిన శ్రావణంలో ఎనిమిదేళ్ళు పెంచుకున్న పిల్లిని పోగొట్టుకున్నాను.

వానకు తడిసి మా స్కూటరు కింద ముడుచుకున్న పిల్లికూనను తువ్వాలులో చుట్టి లోపలికి తెచ్చింది నేనే. ఇంట్లో అప్పటికే ఒక కుక్క, ఈ పిల్లి ఉన్నాయి. కుక్క ఏం చేస్తుందోనని బెంగపడ్డాను గానీ, అది రెండు రోజులు మొరిగి ఊరుకుంది. కూన నాలుగో రోజున వాంతులతో చచ్చిపోయింది. ఆ తరువాత వారానికి మా పిల్లి నీళ్ళగిన్నె ముందు కూర్చుని, తల గిన్నె మీదికి వాల్చి, ఒక్క చుక్క ముట్టకుండా గంటల తరబడి అలాగే ఉండిపోయింది. అది పాన్‌ల్యూకోపీనియా అనే, పిల్లి నుంచి పిల్లికి సోకే వైరస్ అంటువ్యాధి అని ప్రైవేటు డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైంది. కూన పోయిన నాడే ఇల్లంతా ఫినాయిలుతో కడిగానని గర్వపడిన దానిని, ఆ వైరస్ ఫినాయిలుకు లొంగదనీ, బ్లీచింగుతో కడగాలనీ, లేకపోతే ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదనీ అప్పుడు తెలుసుకున్నాను.

ఇంట్లో వేరే జంతువులున్నవారు కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో, వేరే ఇసుక తొట్టితో ఉంచాలని, దానిని ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలని, ఏలిక పాములకు, గోమార్లకు మందు వేయించి, రక్తపరీక్ష అయ్యాకనే పాత పిల్లి ఎదుటికి తేవాలని మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయించవలసిన ఈ జబ్బు టీకా ఊసు లేదు. పైగా పాలు పట్టమన్నారు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి ఆవుపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

మీ పత్రికనే తప్పుపట్టడం న్యాయం కాదేమో. మా పిల్లికి ఆ టీకా ముందే వేయిద్దామని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్తే, గేదెలకే మందుల్లేవు, పిల్లులకు టీకాలేమిటమ్మా అని నవ్వి పంపారు. ఏటా జూలై 6న రేబిస్ టీకాల శిబిరమంటూ బ్యానర్లు కడతారు. కూరగాయల బుట్టలో పిల్లిని పెట్టుకుని కుక్కల వరుసలో నిలబడితే మనిషిని వింతగా చూస్తారు. సంచార పశువైద్యానికి పెట్టిన 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే బండి పాడిపశువుల కోసమట. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమావళి పేరులో కుక్కల ప్రస్తావన ఉండేది, 2023లో వచ్చిన కొత్త నియమావళి పేరులోంచి ఆ మాట తీసేశారు. పేరైతే మారింది గానీ, మా వీధికి కుక్కలను పట్టడానికే వచ్చే వలబండికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. పిల్లి పుట్టిన అయిదారు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతుంది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స ఎక్కడ చేస్తారంటే, అడిగిన ప్రతి కార్యాలయమూ మరో కార్యాలయాన్ని చూపించింది, పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పినట్టు. ఇక పెంచుకున్న జంతువును వీధిలో వదిలేసిన వారికి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా ఉంది. ఆ పదీ యాభయ్యీ కట్టిన మహానుభావుడిని నేనింతవరకూ చూడలేదు.

వీధి పిల్లిని చేరదీయవద్దని నేననడం లేదు, రేపు మరో కూన వస్తే నేనూ తలుపు తీస్తాను. కాకపోతే ఈసారి ముందు మా వెనక గదిలో ఉంచుతాను. అన్నట్టు, ఆ వ్యాసం పక్కన వేసిన రంగుల బొమ్మలో కొత్త పిల్లి, పాత పిల్లి ఒకే గిన్నెలో మూతులు పెట్టి పాలు తాగుతున్నాయి. దయచేసి ఆ బొమ్మనైనా మళ్ళీ వేయకండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా