డ్రాఫ్ట్‌లో పేరు రాని చిన్నాకి

చిన్నా,

ఫోన్ చేస్తే "బానే ఉన్నానమ్మా" అని రెండు ముక్కల్లో పెట్టేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. మొన్న మేజర్ లీగ్ సాకర్ జట్లు కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ మూడు రౌండ్లూ నాన్న మీటింగులు పక్కన పెట్టి మరీ చూశారు. చివరి పేరు కూడా అయిపోయాక లాప్‌టాప్ మూసి, ఎవరూ అడక్కుండానే సింకులో అంట్లన్నీ తోమేశారు. ఆయన బాధ అలా బయటికొస్తుంది, నీకు తెలుసుగా.

నేను మాత్రం ఊరుకోలేక, డ్రాఫ్ట్‌లో పేరు రాని గోల్‌కీపర్లు ఆ తర్వాత ఏమయ్యారా అని వెతికాను. మాట్ టర్నర్ దొరికాడు. నీకు తెలిసినవాడేలే, అయినా నన్ను చెప్పనీ. మన న్యూజెర్సీ వాడే, పార్క్ రిడ్జ్. చిన్నప్పుడు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాడట. 2010 ప్రపంచకప్ చూశాకే ఈ పిచ్చి పట్టింది. ఆరేళ్లకే గ్లోవ్స్ తొడుక్కున్న నువ్వు "నాకు టైమ్ అయిపోయింది" అంటే నేనొప్పుకోను.

2013లో ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీకి ఆడుతుంటే, బంతి పైబార్‌కి తగిలి గాల్లోకి లేచింది. కింద నిలబడి పట్టుకోబోయాడు. చేతుల్లోంచి జారి గోల్లో పడింది. టీవీలో వేసి మరీ నవ్వుకున్నారు. ఆ వీడియో చూసి మొదటిసారి నాకూ నవ్వొచ్చింది. రెండోసారి చూస్తే వాళ్లమ్మ గుర్తొచ్చింది.

2016 డ్రాఫ్ట్‌లో అతన్నీ ఎవరూ తీసుకోలేదు. ట్రయల్‌కి వెళ్లి న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్ అనే పెద్ద లీగు జట్టులో చోటు సంపాదించుకున్నాడు. చోటంటే బెంచీ మీద చోటు. మధ్యలో రిచ్‌మండ్ కికర్స్ అనే కింది లీగ్ జట్టుకి లోన్ మీద, అంటే కొన్నాళ్లు ఆడటానికి అరువుగా, పంపారు. పెద్ద లీగులో మొదటి మ్యాచ్ 2018 మార్చిలో గానీ రాలేదు. తర్వాతదంతా నీకు కంఠతా వచ్చు: 2021లో లీగ్ ఉత్తమ గోల్‌కీపర్, 2022లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్, అదే ఏడాది ఖతార్ ప్రపంచకప్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లోనూ గోల్‌లో అతనే. ఇంగ్లండ్, ఇరాన్ ఒక్క గోల్ కూడా వేయలేకపోయాయి.

నువ్వూ అలా అవుతావని చెప్పడానికి కాదు ఇదంతా. నా మనసులో తిరుగుతున్నది ఆర్సెనల్ కాదు, ఆ రెండేళ్లు. ఫార్వర్డ్‌నయితే చివరి పది నిమిషాలకైనా దింపుతారు. రెండో గోల్‌కీపర్‌ని ఎవరు దింపుతారు? ముందున్నవాడికి దెబ్బన్నా తగలాలి, వాడి ఆటన్నా చెడాలి. ఇంకొకరికి చెడు జరిగితే గానీ మనకి వంతు రాని పని నాకు నచ్చదు. కానీ నువ్వు కోరుకున్న పని అదే.

ఆ బెంచీ నువ్వు తట్టుకోగలవా అని నాన్న అడిగారు. కాలేజీలో నీ మొదటి ఏడాది గుర్తు చేశాను. ఆ సీజన్ మొత్తం వార్మప్‌లో సీనియర్‌కి బంతులు కొట్టడమే నీ పని. నవంబరు చలిలో దుప్పటి కప్పుకుని, ఆడని నిన్ను చూడ్డానికి మేమిద్దరం కూర్చునేవాళ్లం. కాలితో బంతి ఆడటం నీకు బాగా పట్టుబడింది ఆ ఏడాదే. మనవాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదని 1992 నుంచి రూలుందని, అందుకే కాళ్లు కూడా ముఖ్యమని కారులో నాకు పాఠం చెప్పావు.

డబ్బు సంగతి కూడా లెక్క వేసుకున్నాం. కింది లీగుల్లో జీతం అద్దెకి సరిపోతే గొప్పే. నీకు 26 ఏళ్లు వచ్చేదాకా మా హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు, ఆ టెన్షన్ వద్దు. మే నెలలో డిగ్రీ చేతికి రావాలి, అది మాత్రం బేరం లేదు. తర్వాత రెండేళ్లు నేను ఉద్యోగం మాట ఎత్తను. నాన్న ఎత్తితే నాకు చెప్పు. అమ్మమ్మ మాత్రం "గోలు దగ్గర నిలబడ్డానికి ఇంజనీరింగ్ ఎందుకే" అని ప్రతి ఆదివారం అడుగుతూనే ఉంటుంది, ఆవిణ్ణి ఆపడం నా వల్ల కాదు.

ట్రయల్‌కి ఆ పాత గ్లోవ్స్‌తో వెళ్లకు. అరచేతి దగ్గర ఫోమ్ పీలికలైపోయింది. నాన్న కార్డు మీద రెండు జతలు కొనుక్కో. పాతవి గరాజ్‌లోనే ఉంచు, ఇంట్లోకి తేకు. ఆ వాసన నాలుగేళ్లు భరించాను, చాలు.

అమ్మ