పుస్తకం పేరు మాత్రం వేయలేదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా పర్లాకిమిడిలో జరిగిన పుస్తకావిష్కరణ ఫొటో మీ పేపర్లో వేశారు, సంతోషం. వేదిక మీదున్న పదకొండు మంది పేర్లూ ఒక్కటి పోకుండా రాశారు, పుస్తకం పేరు మర్చిపోయారు. తప్పుపట్టడం లేదులెండి, ఆ రోజు హాల్లో కూడా దాన్ని పట్టించుకున్న వాళ్లు తక్కువే.

ఒకప్పుడు మా మున్సిపాలిటీలో చక్రం తిప్పిన నాయకుడి ఆత్మకథ అది. ఆరింటికన్నది ఏడున్నరకి మొదలైంది. రంగు కాగితం చుట్టిన కట్ట విప్పడానికి కత్తెర ఎవరూ తేలేదు, ముఖ్య అతిథి స్కూటర్ తాళంచెవితో చింపారు. తర్వాత అందరూ తలో కాపీ గుండెలకి ఆనించుకుని కెమెరా వైపు తిరిగితే, బరంపురం నుంచి వచ్చిన ఒడియా పెద్దాయన చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది. పాపం ఆయన్నీ అనలేం, వాళ్ల అక్షరాలూ గుండ్రమే, మనవీ గుండ్రమే.

మా ఊళ్లో మైకు పట్టుకుంటే గిడుగు వారి పేరెత్తాల్సిందే. 1880లో ఆయన ఇక్కడికి బడిపంతులుగా వచ్చిన సంగతి ముగ్గురు చెప్పారు, వాడుక భాష కోసం 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టిన సంగతి ఇద్దరు. 1936లో ఊరు ఒడిశాలో కలిసిపోతే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారని చెప్పేటప్పుడు ఒకాయన గొంతు జీరపోయింది కూడా. నేనూ చప్పట్లు కొట్టి, ఒక వడ, ఒక ఛెనాపోడ (ఒడియా వాళ్ల మిఠాయి) ముక్క తిని, మొహమాటానికి రెండొందలు పెట్టి కాపీ కొనుక్కుని ఇంటికొచ్చి తెరిచాను కదా, మొదటి పేజీలోనే ‘జన్మించితిని’! అక్కణ్నుంచి పెరిగితిని, పోటీ చేసితిని, ఓడితిని. గిడుగు వారు ఏ భాషతో కొట్లాడారో సరిగ్గా ఆ భాష. ఎవరి చేత రాయించారో గానీ, మా నాయకుడు ఎప్పుడూ అలా మాట్లాడగా నేను వినలేదు.

మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర కనిపించారు. “ఏటి బావూ, పుస్తకం సదివినావేటి?” అన్నారు. సగం అయిందండీ అని అబద్ధమాడాను. “నానూ అంతవరకే సదివినాను” అన్నారు, నవ్వకుండా.

ఇక మొదలుపెట్టారండీ, 2018 తిత్లీ తుపాను సంగతి. పుస్తకంలో అది రెండు వాక్యాలు. ఇక్కడ అరగంట. రోడ్డు తెగిపోతే కొండ మీది సవర ఊళ్లకి బియ్యం తలల మీద మోయించడం, దారిలో తన చెప్పొకటి బురద మింగేస్తే ఆ ఒంటి చెప్పుతోనే అధికారుల మీటింగుకి వెళ్లి కూర్చోవడం, వాళ్లు ఆయన మాట వదిలేసి కాలు వైపే చూడటం... నా టీ మీద మీగడ కట్టింది, కొట్టువాడు ఇంకో గ్లాసు పోయడం కూడా మర్చిపోయి నిలబడి విన్నాడు.

రెండో ముద్రణ వేస్తే ఆ టీ కొట్టు దగ్గర చెప్పింది చెప్పినట్టు రాసి వేయమని ఆయనకి మీ పేపరు ద్వారానైనా చెప్పండి. ఆవిష్కరణకి కత్తెర నేను తెస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా