మా మైకుకు ఏ ఫ్రీక్వెన్సీ ఇస్తారో చెప్పండి, మంత్రి గారూ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి,

తెనాలిలో నాటకాలకు, పెళ్లిళ్లకు, సభలకు మైక్‌సెట్టు అద్దెకిచ్చి బతికే ఒకడి నమస్కారాలు. అర్జీలు ఇంగ్లీషులో పెట్టాను, హిందీలో రాయించి కూడా పంపాను. ముట్టినట్టు రసీదులు వచ్చాయి గాని జవాబు రాలేదు. మీ శాఖ సహాయ మంత్రి గారు మా గుంటూరు పార్లమెంటు సభ్యులే కనుక ఈసారి తెలుగులో రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. పద్య నాటకానికి ఎనిమిది వైర్‌లెస్ కాలర్ మైకులు పెట్టాలంటే, చట్టానికి లోబడి నేను ఏ ఫ్రీక్వెన్సీలో పెట్టాలి?

నా దగ్గరున్న మంచి సెట్టు 700 మెగాహెర్ట్జ్‌ది. దుకాణంలో బిల్లు ఇచ్చి, జీఎస్టీ కట్టించుకుని అమ్మిన సరుకే. 2022లో మొబైల్ కంపెనీలకు పెట్టిన వేలంలో ఆ బ్యాండులో, అంటే ఆ ఫ్రీక్వెన్సీల వరుసలో, కొంత భాగం దేశంలోని 22 టెలికాం సర్కిళ్లలోనూ అమ్ముడైంది. అన్ని బ్యాండ్లూ కలిపి లక్షన్నర కోట్లు వచ్చాయని పేపర్లో చదివి, దేశానికి మంచిదే అనుకున్నాం. ఆ అమ్మిన జాగాలోనే మా మైకులు పలుకుతున్నాయని ఒక్కరైనా చెప్పారా? ‘అది మీ జాగా కాదు కదా’ అంటారు. నిజమే. మరి మాది ఏది?

ఆ బ్యాండులో 703 నుంచి 748 దాకా ఫోను నుంచి టవరుకు వెళ్లే దారి. అంటే మా రిసీవరును చెడగొట్టేది ఊరి చివరి టవరు కాదు, ముందు వరుసలో కూర్చున్న ప్రేక్షకుడి చేతిలోని ఫోను. శ్రీకృష్ణుడు రంగం మీదికి రాగానే హాలంతా ఫోన్లు పైకి లేస్తాయి. వీడియోలు అక్కడికక్కడే బయటికి వెళ్తుంటాయి. సరిగ్గా అప్పుడే గరగర మొదలవుతుంది. నటుడు పద్యం అందుకుని రాగం తీస్తుంటే సగంలో గొంతు తెగిపోతుంది. వెనకటికి పద్యం బాగుంటే ‘వన్స్ మోర్’ అని అరిచేవారు, ఇప్పుడు వినబడలేదని అరుస్తున్నారు. అప్పుడు జనం వెనక్కి తిరిగి చూసేది ఢిల్లీ వైపు కాదు మంత్రి గారూ, మిక్సర్ ముందు కూర్చున్న నా వైపు. పరిషత్తు పోటీల్లో ఆ నటుడికి మార్కులు పోతాయి, నాకు అద్దెలో కోత పడుతుంది.

సరే, మారుద్దామని డీలరు దగ్గరికి వెళ్తే 600లో తీసుకోమన్నాడు. అదే 2022లో 600 బ్యాండును కూడా మీరు వేలానికి పెట్టారు. ఎవరూ కొనలేదు. కంపెనీలకు గిట్టకపోవడమే మా అదృష్టం అనుకోవాలి కాబోలు! రేపు గిట్టితే ఈ సెట్టు కూడా పాత సామాన్ల వాడికేనా? డీలరును అడిగితే ‘అందరూ ఇవే వాడుతున్నారు’ అంటాడు. డబ్బా మీద చూస్తే ‘యూహెచ్ఎఫ్’ అని పెద్ద అక్షరాలు, అది చాలా బ్యాండ్లకు కలిపి ఒకే పేరు. మన దేశంలో ఇది అనుమతించిన బ్యాండా, ఈటీఏ (పరికరానికి ప్రభుత్వ ఆమోదం) ఉందా అన్నది భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు.

లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లు ఉన్నాయిగా అని తమరి అధికారులు అనవచ్చు. ఉన్నాయి, చూశాను. 865 నుంచి 868 దాకా ఇచ్చారు, సంతోషం. ఆ మూడు మెగాహెర్ట్జ్‌లోనే టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చదివే యంత్రాలున్నాయి, కరెంటు స్మార్ట్ మీటర్లున్నాయి. పక్కనే 869 నుంచి మొబైల్ టవర్ల ప్రసారం మొదలవుతుంది. మైకులను సమాన దూరంలో పేర్చడానికి కూడా వీల్లేదు. రెండు ఫ్రీక్వెన్సీలు కలిస్తే పుట్టే దయ్యపు సంకేతం వెళ్లి మూడో మైకు నెత్తిన కూర్చుంటుంది. అందుకే ఎడం ఎక్కువ తక్కువలుగా వదలాలి. అంత చిన్న చోట ఎనిమిది మంది పాత్రధారులను ఎలా ఇరికించాలో మీ ఇంజినీర్లు ఒకసారి వచ్చి చూపిస్తే నేర్చుకుంటాను. ఇక 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు రిహార్సల్‌లో గంటలా మోగుతాయి, జనం చేరి వైఫైలు, బ్లూటూత్‌లు మొదలవగానే తడబడతాయి. పెళ్లిలో పురోహితుడి ఒక్క మైకుకైతే చాలు. నాటకానికి చాలవు.

అమెరికాలో 600 బ్యాండు వేలం 2017లో ముగిస్తే, మైకులు వాడేవాళ్లకు 2020 జూలై 13 దాకా గడువిచ్చారు. బ్రిటన్‌లో 700 బ్యాండు ఖాళీ చేయించినప్పుడు పాత పరికరాలు అప్పగించిన వారికి కొంత సొమ్ము ముట్టజెప్పారు. మాకు సొమ్ము సంగతి అటుంచండి, కబురైనా అందలేదు. అనుమతి లేని వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం అంది, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ ఆ సూత్రం పోలేదు. అంటే నా బీరువాలో ఉన్నది బతుకుతెరువా, నేరానికి సాక్ష్యమా? అది కూడా తేల్చి చెప్పండి. ఆన్‌లైన్‌లో వాకీటాకీల అమ్మకాలకు 2025లో మార్గదర్శకాలు వచ్చాయి. అమ్మేవాడిని నిలదీయడం ప్రభుత్వానికి చేతకాని పని కాదని దాంతో తెలిసింది. మైకు డబ్బాల మీద కూడా అదే పట్టు చూపించండి.

దయచేసి మైకులకంటూ కాస్త జాగా కేటాయించండి. దాన్ని పదేళ్లపాటు వేలం వేయబోమని మాటివ్వండి. ఏ బ్యాండు కొనాలో, ఏది కొనకూడదో తెలుగులో ఒక్క కాగితం వేయించండి. కొనే ముందు చెప్పండి, పట్టుకున్నాక కాదు. శివరాత్రికి ప్రభల దగ్గర, ఉగాదికి పరిషత్తుల్లో ఒప్పుకున్న పనులున్నాయి, బయానాలు తీసుకున్నాం. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు వద్దండీ. ఇన్ని మెగాహెర్ట్జ్ నుంచి ఇన్ని మెగాహెర్ట్జ్ దాకా అని అంకెలు వేసి పంపండి.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక మైక్‌సెట్టు యజమాని